నాన్న ప్రైవేట్ నంబర్లు

మొన్న చలి మొదలవగానే రజాయిలు ఎండలో వెయ్యమని అమ్మ నా ప్రాణం తోడేసింది. శంకర్ నగర్‌లోని మా ఫ్లాటులోకి ఎండ వచ్చేదే వంటింటి బాల్కనీలోకి, అదీ పదింటి నుంచి పన్నెండు దాకా. "నువ్వు తియ్యవు, నన్ను తియ్యనివ్వవు, ఎండేమో ఎలిపోతోంది" అని ఒకటే సణుగుడు. పడలేక, నాన్న ఒకప్పుడు డ్యూటీకి తీసుకెళ్ళే పచ్చ రేకుపెట్టె తెరిచాను. రజాయిల అడుగున కలరా ఉండల వాసన పట్టిన ఒక నోటుపుస్తకం. అట్ట మీద నాన్న చేత్తో, ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, కింద స్కేలు పెట్టి గీత గీసి మరీ రాసిన పేరు: లినక్స్ వర్కింగ్ రూల్స్. నాన్న పోయి మూడేళ్ళయింది. ఆయన చొక్కాలు పంచిపెట్టిన రోజున కూడా రాని ఏడుపు ఆ అట్ట చూడగానే వచ్చింది. వెంటనే నవ్వూ వచ్చింది. అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, "ఏటే, బొద్దింకా?" అని అడిగింది.

మా నాన్న స్టేషన్ మాస్టరు. శ్రీకాకుళం నుంచి వచ్చిన రైల్వే కుటుంబం మాది. ఆయన పనిచేసింది రాయపూర్ చుట్టుపక్కల చిన్న స్టేషన్లలో, మేముండేది మాత్రం గుఢియారీలో, రైలుకట్టకి దగ్గర్లో ఒక అద్దె ఇంట్లో. ఆయన గురించి చెప్పాలంటే ముందు ప్రైవేట్ నంబరు గురించి చెప్పాలి, లేకపోతే మా నాన్న ఎవరికీ అర్థం కాడు. పక్క స్టేషన్ వాళ్ళు ఫోన్ చేసి, బండిని పంపమంటావా అని అడుగుతారు. మన వైపు లైను ఖాళీగా ఉంటే సరే అంటాం. ఆ సరే అన్నదానికి సాక్ష్యంగా, తాళం వేసి దాచుకున్న కాగితంలోంచి ఒక రెండంకెల నంబరు చెప్పాలి. అదే ప్రైవేట్ నంబరు. అవతలివాళ్ళు దాన్ని టైముతో సహా రాసుకుంటారు. నంబరు లేనిదే బండి కదలదు. ఒకసారి వాడిన నంబరు కొట్టెయ్యాలి, మళ్ళీ వాడకూడదు. కొట్టెయ్యడానికి ఒక గీత చాలు. మా నాన్న మాత్రం ఇంకుపెన్నుతో అయిదారు గీతలు గీసి, అక్కడొక నల్లటి ముద్ద మిగిలేదాకా ఊరుకునేవాడు కాదు.

ఈ పిచ్చి ఇంట్లోకి కూడా వచ్చేసింది. అమ్మ పొయ్యి మీద పాలు పెట్టి సందు చివర కూరలమ్మి దగ్గరికి వెళ్తూ, "కాసేపు పాలు చూడండి" అనేది. నాన్న పేపరు దించి, "చార్జి నాదేనా? నంబరియ్యి" అనేవాడు. "పద్నాలుగు. చూడండి మహానుభావా" అని అమ్మ చెప్పులేసుకునేది. పాలు పొంగితే తప్పు ఎవరిదో తేలడానికి ఆ నంబరు. పొంగేవి కూడాను, ఎందుకంటే నంబరు రాసుకున్నాక నాన్న మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయేవాడు. మా ఇంటికొచ్చిన చుట్టాలు ఈ సంభాషణ విని ఏదో లాటరీ అనుకునేవారు.

కంప్యూటర్లన్నీ రెండువేల సంవత్సరం రాగానే ఆగిపోతాయని జనం బెంబేలెత్తుతున్న రోజుల్లో నాన్న కంటి పరీక్షలో తప్పాడు. రైలు నడిపించే ఉద్యోగులకి కొన్నేళ్ళకోసారి ఆ పరీక్ష ఉంటుంది. చీకటి గదిలో కూర్చోబెట్టి చిన్న చిన్న దీపాలు చూపించి, ఎరుపా ఆకుపచ్చా అని అడుగుతారు. కంటి నరం బలహీనపడి నాన్నకి రంగులు కలిసిపోతున్నాయి. అంతే, ఒక్క పూటలో బండ్ల పని నుంచి తప్పించారు. సరుకు వ్యాగన్ల వివరాలు కంప్యూటర్లో ఎక్కించే ఆఫీసులో కూర్చునే ఉద్యోగం ఇస్తామన్నారు, కానీ దానికి ఆరు వారాల తరవాత ఒక పరీక్ష. నల్లటి తెర ముందు కూర్చుని, అధికారి ఎదురుగా, వ్యాగన్ల జాబితా ఒకటి తప్పుల్లేకుండా ఎక్కించాలి. కుదరకపోతే ఫైళ్ళు మోసే పనిలో కింది ఉద్యోగానికి వెళ్ళాలి, లేదా ముందే రిటైరైపోవాలి. ముప్ఫై ఏళ్ళు బండ్లని ఆపి, వదిలిన మనిషి. ఆ ఆరు వారాలూ ఇంట్లోనే.

డ్యూటీ లేకపోయినా తెల్లారి నాలుగింటికే లేచేవాడు. స్నానం చేసి, తెల్ల యూనిఫారం వైపు ఓసారి చూసి, లుంగీ కట్టుకుని వరండాలో కూర్చునేవాడు. కట్ట మీద గూడ్సు బండి వెళ్తుంటే చేతి గడియారం చూసేవాడు. "లేటు" అనేవాడు, ఎవరితోనో తెలీదు. వేసవికాలం. కూలరులో తడిసిన వట్టివేళ్ళ వాసన, అమ్మ ఆవకాయకి ఆరబెట్టిన మామిడి ముక్కల వాసన ఇల్లంతా. అమ్మ ఆయన్ని కదిలించడానికి భయపడి, పాలు చూడమని కూడా అడగడం మానేసింది. నిజం చెప్పొద్దూ, మా ఇంట్లో పాలు పొంగని రోజులు అవే.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. శంకర్ నగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ డిప్లొమా చేస్తున్నాను. ఇంట్లో విడిభాగాలతో కట్టించిన ఒక కంప్యూటరుండేది. నాన్న కూర్చోవాల్సిన ఆఫీసు కంప్యూటర్లని నడిపించేది యూనిక్స్ అని, తెర నల్లగా ఉంటుందని, మౌసు గీసు ఏమీ ఉండవని ఎవరో చెప్పారు. మా ఇన్‌స్టిట్యూట్‌లో ఖరే సార్ అని ఒకాయన, ఒక పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన సీడీ నా చేతిలో పెట్టి, "ఇది లినక్స్. యూనిక్స్‌కి చెల్లెలనుకో. ఇంట్లో వేసుకో, మీ నాన్నగారికి అలవాటవుతుంది" అన్నాడు హిందీలో. వేసుకో అనడం ఆయనకి తేలికే. వేసుకున్నవాళ్ళకి తెలుస్తుంది ఆ సంబడం.

సీడీ పెట్టి కూర్చున్న మొదటి రోజున, నాన్న కుర్చీ లాక్కుని నా వెనక కూర్చున్నాడు. నేను ఊరికే ఎంటర్లు కొట్టుకుంటూ పోతుంటే వీపు మీద ఒక్కటి తట్టాడు. "ఏటది? చదవకుండా ఎంటరు కొట్టీడమేనా? నంబరేది?"

"కంప్యూటరుకి నంబరేటి నాన్నా?"

"హార్డ్ డిస్కు చెరిపీమంటావా అని అడుగుతోంది కదా. అది పక్క స్టేషను. లైను క్లియరుందా అని అడుగుతోంది. నువ్వు చూసుకోకుండా పంపీమంటావా? నేను చదువుతాను, నువ్వు సరే అను, నేను నంబరిస్తాను, అప్పుడు కొట్టు."

అలా మొదలైంది ఆ నోటుపుస్తకం, ప్రతి స్టేషనుకీ ఉండే వర్కింగ్ రూల్స్ పుస్తకం పేరుతోనే. ప్రతి ప్రశ్నా, దానికి మేమిచ్చిన జవాబూ, పక్కన టైమూ, నంబరూ. పని అయిపోగానే ఆ నంబరు మీద కూడా నల్లటి ముద్ద. నంబర్ల కోసం నాన్న సొంతంగా ఒక షీటు తయారుచేశాడు, అంకెలు రాసిన చీటీల్లోంచి అమ్మ ఒక్కొక్కటీ తీసిపెడితే. ఖరే సార్ ఒక పూటలో చేసే పని మాకు వారం పట్టింది. నాకు విసుగెత్తిపోయేది. కానీ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, తెరకి జానెడు దూరంలో మొహం పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివే ఆ మనిషి, వరండాలో కూర్చున్న మనిషి కాదు. అందుకని నోరు మూసుకున్నాను.

అసలు గొడవ బొమ్మల తెర దగ్గరొచ్చింది. అక్షరాలు పెద్దవిగా, నాన్నకి కనిపించేలా కావాలంటే విండోలు తెరుచుకునే తెర ఉండాలి. దానికేమో మానిటరు సెకనుకి ఎన్నిసార్లు తెర గీయగలదో, ఆ లెక్కలు మనమే చెప్పాలి. తప్పు చెప్తే మానిటరు పాడవ్వచ్చని అక్కడే హెచ్చరిక. నాన్న అది చదివి రెండు చేతులూ పైకెత్తేశాడు. "బంద్. పని బంద్. మానిటరు పుస్తకం ఏదీ?" పుస్తకం లేదు. మర్నాడు మండుటెండలో తెలీబంధా చెరువు దగ్గర, ఆ కంప్యూటరు కట్టిచ్చిన తివారీ దుకాణానికి వెళ్ళాం. తివారీ పాన్ బుగ్గలోకి నెట్టి, "అరె అంకల్, కుఛ్ భీ డాల్ దో, చల్ జాయేగా" అన్నాడు, ఏదో ఒకటి వేసేయండి, నడిచిపోతుందని. నాన్నకి ఎక్కడ కాలాలో అక్కడ కాలింది. "కుఛ్ భీ? రేల్‌గాడీ కుఛ్ భీ సే చల్తీ హై క్యా?" అని, ఏదో ఒకటి వేస్తే రైలు నడుస్తుందా అని, దుకాణం అదిరేలా అరిచాడు. తివారీ అటక మీంచి అట్టపెట్టెలన్నీ దింపి, మా మానిటరు కాగితం వెతికి, నాన్నకి రెండు చేతులతో ఇచ్చాడు. తిరిగొచ్చేటప్పుడు చెరకురసం తాగుతూ నాన్న నవ్వాడు. కంటి పరీక్ష తరవాత అదే మొదటి నవ్వు.

ఆ కాగితం చూసి అంకెలు ఎక్కించి, నంబరు ఇచ్చి పుచ్చుకుని, ఎంటరు కొట్టాం. తెర టక్కుమని ఆరి, వెలిగి, బూడిదరంగు గళ్ళతో నిలబడింది. మధ్యలో ఇంటూ గుర్తు ఒకటి. మేమిద్దరం గెంతినంత పని చేశాం. అమ్మ పసుపు చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి చూసి, "ఇదేటి, గోనెసంచిలాగుంది. పది రోజుల్నుంచి మీరిద్దరూ చేసింది ఇదేనేటి?" అంది. చూస్తే నిజంగానే గోనెసంచి. ఆ గోనెసంచి మీద ఒక విండో, విండోలో పెద్ద అక్షరాలు రావడానికి ఇంకో మూడు రోజులు.

అక్షరాలు వచ్చిన రోజు నేను గొప్పగా, డిస్కులో ఏమున్నాయో చూపించే ఆజ్ఞ కొట్టి చూపించాను. పేర్లన్నీ బొలబొలా రాలాయి, కొన్ని ఎర్రగా, కొన్ని ఆకుపచ్చగా, కొన్ని ముదురు నీలంగా. నల్ల తెర మీద నీలం నాకే సరిగా కనబడలేదు. నాన్న చాలాసేపు ముందుకి వంగి చూశాడు. తరవాత వెనక్కి వాలి, నెమ్మదిగా, "ఇక్కడ కూడా ఎర్ర, పచ్చేనా అమ్మడూ?" అన్నాడు.

ఇరవై రెండేళ్ళ దాన్ని, కంప్యూటరంతా వచ్చేసినట్టు విర్రవీగుతున్న దాన్ని, రంగుల వల్లే ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి ముందు రంగులు పరిచాను. బుద్ధి ఉండక్కర్లేదూ? మర్నాడు ఖరే సార్‌ని పట్టుకుని, ఆ రంగుల్ని తీసేసేది ఎలాగో కనుక్కుని, మొత్తం ఒక్కటే రంగు చేశాను. నల్లటి తెర మీద పసుపు, అచ్చం పెసరపప్పు రంగు, అంగుళమంత అక్షరాలు. నాన్న దూరంగా కుర్చీలో కూర్చునే చదివాడు. నోటుపుస్తకంలో రాశాడు. ఇప్పుడు చూస్తే ఉంది, "కలర్ లైట్స్ విత్‌డ్రాన్. వర్కింగ్ నార్మల్." రంగు దీపాలు తీసేశాం, పని మామూలుగా సాగుతోంది అని.

తరవాత సాధన. వ్యాగను నంబరు, రకం, బరువు అడిగి, తప్పయితే కూతపెట్టే చిన్న ప్రోగ్రాము రాసిపెట్టాను. అమ్మ గుమ్మంలో కూర్చుని మామిడి టెంకలు తీస్తూ నంబర్లు చదివేది, నాన్న కొట్టేవాడు. కీబోర్డు చూడకుండా కొట్టమని నేను, "నేను తంతి మీద మోర్సు కొట్టినోడినే, నాకు చెప్తున్నావేటి" అని ఆయన. తప్పు కొట్టినప్పుడల్లా కంప్యూటరు కూసేది, అమ్మ కూడా కూసేది. వారం రోజుల్లో కూతలు తగ్గాయి. అమ్మ ధైర్యం చేసి మళ్ళీ పాలు చూడమంది.

పరీక్ష ఇంకా నాలుగు రోజులుందనగా కొంప మునిగింది. ఆ కంప్యూటర్లోకి పోవాలంటే పాస్‌వర్డ్ కావాలి కదా. మామూలు మనుషులు ఒకటి పెట్టుకుని అదే వాడతారు. నాన్న ఒప్పుకోలేదు. ఒకసారి వాడిన నంబరు మళ్ళీ వాడకూడదు. అందుకని రోజూ సాయంత్రం షీటులోంచి మూడు నంబర్లు వరసగా తీసి, మర్నాటి పాస్‌వర్డ్‌గా నా చేత పెట్టించేవాడు. ఆ మూడూ తనే షీటులో చూసుకుని, మర్నాడు లోపలికి వెళ్ళాకే కొట్టేసేవాడు. ఆ సాయంత్రం నేను ఇంట్లో లేను. నాన్న మొదటిసారి తనే పాస్‌వర్డ్ మార్చాడు. కంప్యూటరు ఒకసారి కొట్టమంది, కొట్టాడు. మళ్ళీ కొట్టమంది, కొట్టాడు. అంటే నంబర్లు వాడేసినట్టే కదా. ముప్ఫై ఏళ్ళ అలవాటు, చెయ్యి దాని పని అది చేసేసింది. పెన్ను తీసి మూడింటినీ నల్లటి ముద్దలు చేసేశాడు. పొద్దున్న కంప్యూటరు పాస్‌వర్డ్ అడిగింది. షీటు చూస్తే మూడు ఇంకు మరకలు. ఎండకి పట్టి చూశాం, కాగితం వెనక తడిమాం. ఏమీ లేదు. ఆ మూడు నంబర్లూ ఆయన బుర్రలో కూడా లేవు, ఉండకూడదని కదా నేర్పింది ఆయన ఉద్యోగం.

నాన్నని చూసి నాకు భయమేసింది. కోప్పడలేదు. షీటు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, "కళ్ళు పోయాయి, సరే. బుర్ర కూడా పోయిందమ్మడూ. రేపు ఆఫీసుకెళ్ళి పరీక్ష రాయనని చెప్పీసి వచ్చీస్తాను. ఫైళ్ళయినా మోస్తాను, రిటైరైనా అవుతాను" అన్నాడు. వెళ్ళి వరండాలో కూర్చున్నాడు. గూడ్సు బండి పోయింది. గడియారం చూసుకోలేదు.

అమ్మ నన్ను వంటింట్లోకి లాగి, "నువ్వేదో ఒకటి చెయ్యే. ఆయన్ని అలాగ చూడలేకపోతున్నానే" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సైకిలు తీసుకుని, గుఢియారీ నుంచి శంకర్ నగర్ దాకా ఆ ఎండలో ఎలా తొక్కానో నాకే తెలీదు. ఖరే సార్ క్లాసు మధ్యలో ఉన్నాడు. గుమ్మంలో నిలబడి ఒగురుస్తూ సంగతి చెప్పాను. ఆయన విరగబడి నవ్వి, నా మొహం చూసి నవ్వాపి, నా చేతి మీద రెండే రెండు మాటలు రాశాడు. కంప్యూటరు వెయ్యగానే మొదట ఒక చిన్న ప్రశ్న దగ్గర ఆగుతుంది, అక్కడ ఈ రెండు మాటలూ కొట్టు, పాస్‌వర్డ్ అడగకుండా లోపలికి రానిస్తుంది, కొత్తది పెట్టుకో, అన్నాడు.

ఇంటికొచ్చి నాన్నని బతిమాలి కంప్యూటరు ముందు కూర్చోబెట్టాను. రెండు మాటలూ కొట్టాను. తెర మీద అక్షరాలు పారి పారి, ఏమీ అడక్కుండా, కర్సరు వెలుగుతూ ఆగింది. లోపలికొచ్చేశాం. నాన్న సంతోషిస్తాడనుకున్నాను. ఆయన మాత్రం అనుమానంగా, "నంబరు లేకుండా ఎలాగ రానిచ్చింది?" అన్నాడు.

"సింగిల్ మోడ్ అంటారట నాన్నా. మెషీను దగ్గర కూర్చున్నవాళ్ళు బాగుచేసుకోడానికి."

"కాలింగ్ ఆన్" అన్నాడు నాన్న. "సిగ్నలు పనిచెయ్యదనుకో, ఎర్రగానే ఉండిపోతుంది. అలాగని బండిని అడివిలో వదిలేస్తామేటి? ముందు ఆపుతాం. ఆపాక, మనిషి నడిచేంత వేగంతో లోపలికి తెచ్చుకుంటాం. దానికో చిన్న సిగ్నలుంటుంది, కాలింగ్ ఆన్ అని. దీన్ని చేసినోడెవడో రైల్వేవాడే అయ్యుంటాడు." కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు. "ఏమేవ్, రా. వ్యాగన్లు చదువు" అని అమ్మని కేకేశాడు. అమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది, చేతిలో అట్లకాడతో.

పరీక్ష రోజు పొద్దున్న నాన్న తెల్ల ప్యాంటూ చొక్కా వేసుకున్నాడు, యూనిఫారం కాదు. టిఫిను డబ్బా పట్టుకుని గేటు దాకా వెళ్ళి ఆగిపోయాడు. ఏదో మర్చిపోయాడనుకున్నాను. చంకలోంచి ఈ నోటుపుస్తకం తీసి, పెన్ను మూత తీసి, నా వైపు చూడకుండా, "నంబరియ్యి" అన్నాడు.

జీవితమంతా ఇంకొకరి బండికి లైను క్లియరిచ్చిన మనిషి నన్ను అడుగుతున్నాడు. నోటికొచ్చింది చెప్పాను. "నలభై ఏడు." ఆయన గడియారం చూసి రాసుకుని, "నలభై ఏడు" అని తిరిగి చెప్పి, వెళ్ళిపోయాడు.

సాయంత్రం వచ్చి కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు అడిగాడు. అమ్మ గ్లాసు తెచ్చి ఇచ్చింది. "అక్కడ అక్షరాలు ఆకుపచ్చగా ఉన్నాయి, మన పసుపు కాదు" అన్నాడు. "మసగ్గా కనిపించాయి. మరేటి చేస్తాను, చూడ్డం మానీసి కొట్టాను. ఒక్క కూత లేదు." గ్లాసు కింద పెట్టి, "పోస్టింగిచ్చీసారు" అన్నాడు. అమ్మ పొయ్యి మీది పాలు పూర్తిగా మర్చిపోయింది. చార్జి ఎవరిదని ఆ రోజు ఎవరూ అడగలేదు.

ఆ ఆఫీసులో ఎనిమిదేళ్ళు చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు నా ఫోను లోపల ఉన్నది కూడా ఆ లినక్సేనట, మా అబ్బాయి చెప్పాడు. మానిటరు లెక్కలడగదు, ఏదీ అడగదు. కుఛ్ భీ డాల్ దో, చల్ జాయేగా. తివారీ కాలం వచ్చేసింది. చదవకుండా సరే, సరే అని నొక్కుకుంటూ పోతున్నాను నేను కూడా, వీపు మీద తట్టేవాళ్ళు లేరు కదా. గ్యాసు బుక్ చేస్తే మాత్రం ఓటీపీ వస్తుంది, ఒకసారి వాడితే మళ్ళీ చెల్లదు. అది చూసిన మొదటిసారి నాన్న అన్న మాట ఇంకా చెవిలో ఉంది, "ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది వీళ్ళకి." ఆ ఇల్లు సుఖమా ఈ ఇల్లు సుఖమా అంటే ఇదే సుఖం, అబద్ధమెందుకు. కానీ ఒక్క ఎంటరు కొట్టడానికి ఇద్దరు మనుషులు పక్కపక్కన కూర్చుని మాట ఇచ్చిపుచ్చుకున్న ఆ మధ్యాహ్నాలు నాకు మళ్ళీ రాలేదు.

బాల్కనీలో కూర్చుని నోటుపుస్తకం చివరిదాకా తిప్పాను. ఏ పేజీ చూసినా వాడేసిన నంబర్లు, వాటి మీద నల్లటి ముద్దలు. ఆఖరి పేజీలో ఒక్కటే వరస. తొమ్మిది గంటల పది నిమిషాలు, అమ్మడు, నలభై ఏడు. దాని మీద ఒక్క గీత కూడా లేదు. వాడిన నంబరు కొట్టెయ్యకపోవడం స్టేషన్ మాస్టరుకి తప్పు. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా చెయ్యని తప్పు నాన్న అక్కడ చేశాడు. మర్చిపోయాడేమోనని అమ్మకి చూపించాను. అమ్మ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి, "మర్చిపోవడమేటి, ఆయనా?" అంది. "రిటైరైన రోజు నేనే అడిగాను, ఇదొకటి వదిలీసారేటండీ అని. అది అమ్మడిచ్చింది, ఉండనీ అన్నారు."

నోటుపుస్తకం మళ్ళీ పెట్టెలో పెట్టేశాను. ఎండ వెళ్ళిపోయింది. రజాయిలు వెయ్యనేలేదు.